హాఫ్ టైమ్ దాకా ఆగు

బహ్రెయిన్‌లో సనాబిస్ ఊరి వెనక ఉన్న ఆ ఇంగ్లీషువాళ్ళ క్లబ్బులో ఫోన్లు రెండే. ఒకటి బారు కౌంటరు మీద, ఇంకొకటి వంటింటి గోడకి. వంటింటి ఫోను పనివాళ్ళ కోసం పెట్టింది కాదు. సరుకుల కొట్టువాళ్ళు ఆర్డర్లు అడగడానికి పెట్టింది. అందుకే ఆ మధ్యాహ్నం అది మోగినప్పుడు కోడిగుడ్ల కొట్టు మలయాళీ అనుకున్నాడు లోవరాజు. మైదాపిండి చేతులు ఏప్రానుకి తుడుచుకుని ఎత్తి, గుడ్లు రేపు పంపమని చెప్పబోయాడు.

"మావా, నేనే" అంది వీరలక్ష్మి.

పగలు ఎప్పుడూ ఫోను చేసే మనిషి కాదామె. గలాలీలో ఆమె పనిచేసే ఇంట్లో ఫోను హాలు మధ్యలో ఉంటుంది, ఇంటావిడ కళ్ళెదుట. లోవరాజు రిసీవరు చెవికి అదిమాడు.

"ఏంటే? ఏవైంది?"

"నన్ను పంపించేత్తన్నారు మావా. ఈయేళే. బాబా టిక్కెట్టు తెచ్చేసేడు. పెట్టి సద్దుకోమన్నాడు. బొంబాయి ఇమానం."

లోవరాజుకి ఇలాంటిది ఎప్పుడో ఒకరోజు వస్తుందని తెలుసు. వీరలక్ష్మి ఆ ఇంటికి వచ్చింది మంచాన పడ్డ ముసలమ్మకి సేవ చేయడానికి. ముసలమ్మ వేసవి మొదట్లో కన్నుమూసింది. అప్పటినుంచి ఇంటి యజమాని జాసిం, ఆమె బాబా అని పిలిచే మనిషి, ఆమె వీసాకి పూచీపడ్డ కఫీల్, మెత్తగానే చెబుతూ వచ్చాడు. ఇంట్లో ఇంక పని లేదు, వేరే చోటు చూసుకుంటే కాగితం రాసిచ్చి విడిచిపెడతాను, లేదంటే ఊరికి పంపేస్తాను అని. మంచివాడే. నెల రోజులు పైగా ఆగాడు. కానీ ఆయన కుటుంబంతో వేసవికి ఎటో వెళ్ళాలి. పనిమనిషిని ఖాళీ ఇంట్లో వదిలిపెట్టి వెళ్ళలేడు.

వేరే చోటు దొరక్క కాదు. దొరికింది. క్లబ్బుకి పెద్ద అయిన దొర, బార్లో అని పేరు, ఆయన భార్య వీరలక్ష్మిని చూసింది, మాట్లాడింది, నచ్చిందంది. పైగా ఇంటి వెనక గది మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఇస్తానంది. పెళ్ళయ్యాక ఆ ఇద్దరూ ఒక ఊళ్ళో ఉన్నది ఈ కొద్ది నెలలే. ఆ కొద్ది నెలలూ కూడా శుక్రవారం శుక్రవారం మనామా గుడి దగ్గర కలుసుకోవడం, అరుగు మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తినడం, చీకటి పడకముందే చెరో బస్సూ ఎక్కడం. అలాంటిది ఒక గది. తలుపు వేసుకుంటే తమదే అయిన గది. దొరసాని ఆ మాట అన్న రోజు వీరలక్ష్మి ఆ గది గోడలు చేత్తో తడిమి చూసి వచ్చింది.

దొరసాని సెలవులకి ఇంగ్లండు వెళుతూ మొగుడికి చెప్పి వెళ్ళింది, ఆ అమ్మాయి కఫీల్‌తో మాట్లాడమని. ఆయన రేపు, రేపు అంటూ వచ్చాడు. మనసు లేక కాదు, తీరిక లేక. మొన్నటినుంచీ ఆయన బుర్రలో ఉన్నదంతా ఈరోజు ఆటే.

"మావా, ఇంటన్నావా?"

"ఇంటన్నా, సెప్పు."

"బాబా ఏవంటన్నాడంటే, మీ దొర ఇప్పుడైనా ఫోను సేసి, ఈ మడిసిని నేనెట్టుకుంటాను అని ఒక్క మాటంటే టిక్కెట్టు ఎనక్కిచ్చేత్తాడంట. కాయితాలు తర్వాత సూసుకోవచ్చంట. కానీ దొరే సెప్పాలంట. నువ్వు సెప్తే కుదరదంట."

"ఎప్పుడు బయల్దేరతారు?"

"బోయినాలయ్యాక." ఆమె గొంతు తగ్గించింది. ఇంటావిడని మామా అనే పిలవాలి అక్కడ. "మామా వత్తంది. ఒక్క మాట మావా. ఒక్క మాట సెప్పించు."

ఫోను పెట్టేసింది.

హాల్లో అప్పటికే గోల మొదలైంది. కిటికీలకి దుప్పట్లు కట్టి ఎండని ఆపారు. మిద్దె మీది డిష్షుని నిన్నంతా అటూ ఇటూ తిప్పి బొమ్మ తెప్పించారు. పెద్ద టీవీ ముందు పాతికమంది దాకా దొరలు కుర్చీల్లో, నేల మీద, బల్లల మీద. అది బుధవారం, అందరికీ డ్యూటీ రోజు. ఎవరేం సాకు చెప్పారో గాని, బ్యాంకులవాళ్ళూ రిఫైనరీవాళ్ళూ టైలు జేబుల్లో కుక్కుకుని వచ్చేశారు. ఆస్ట్రేలియాలో అప్పటికి రాత్రి. దీపాల కింద పచ్చటి మైదానం మెరుస్తోంది. అక్కడి లీగులో ఆ ఏటికి గెలిచిన బ్రిస్బేన్ జట్టూ ఇంగ్లండు లీగు గెలిచిన విగన్ జట్టూ ఆడుకుంటున్నాయి. ఎవరు నెగ్గితే లోకంలో వాళ్ళే మొనగాళ్ళు.

బార్లో దొరది విగన్. వాళ్ళ నాన్న అక్కడ బొగ్గు గనిలో పనిచేశాడట. క్లబ్బులో మిగతా ఇంగ్లీషువాళ్ళు ఎక్కువమంది ఆడేది పదిహేనుమంది రగ్బీ. బార్లోది పదముగ్గురి రగ్బీ. ఆ రెంటికీ ఉన్న తేడా ఎవరైనా పొరపాటున అడిగితే ఆయన గంట చెప్పేవాడు. లోవరాజుకి కూడా ఒకసారి వంటింట్లో ఉల్లిపాయల్ని ఆటగాళ్ళలా పేర్చి చెప్పాడు. బంతి చంకన పెట్టుకుని దూసుకుపోవాలి. అవతలివాళ్ళు పట్టి పడేస్తారు. లేచి, బంతిని కాలితో వెనక్కి దొర్లించి మళ్ళీ మొదలెట్టాలి. ఆరుసార్లు పడేలోపు గీత దాటకపోతే బంతి పోయినట్టే. లోవరాజు తునిలో కుర్రతనాన చెడుగుడు ఆడినవాడు. పట్టు, విదిలింపు, గీత, ఇవన్నీ తెలిసినవే. తొందరగానే ఇష్టపడ్డాడు ఆ ఆటని. దొర క్యాసెట్లు వేసి చూసేటప్పుడు తలుపు దగ్గర నిలబడి తనూ చూసేవాడు. దొర మురిసిపోయేవాడు. "చూశారా, మా రాజ్ కూడా విగన్ మనిషే" అని అందరికీ చూపించేవాడు.

ఈరోజు కోసం విగన్‌లో తినే, పిండిలో మాంసం పెట్టి కాల్చే పైలు చెయ్యమని రెండు రోజులుగా వెంటపడ్డాడు. ఆ పిండే లోవరాజు చేతులకి.

అతను హాల్లోకి వెళ్ళేసరికి ఆట మొదలైపోయింది. బార్లో ముందు వరసలో, ఎరుపూ తెలుపూ గీతల చొక్కాలో, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి కూర్చున్నాడు. లోవరాజు పక్కన వంగి, "సార్, వన్ మినిట్ సార్. మై వైఫ్. హర్ కఫీల్ ..." అన్నాడు.

"హాఫ్ టైమ్, రాజ్."

"సార్, టుడే గోయింగ్. ఎయిర్‌పోర్ట్. యూ ఫోన్ ..."

బార్లో టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే అతని భుజం తట్టాడు. ఆ తట్టడంలో విసుగు లేదు, ప్రేమే ఉంది. "తప్పకుండా చేస్తా. హాఫ్ టైమ్ దాకా ఆగు. ప్రమాణం."

లోవరాజు నిలబడ్డాడు. వెనకనుంచి ఎవరో, అడ్డు తప్పుకోమన్నారు. తప్పుకున్నాడు.

వంటింట్లో పోశన్న గిన్నెలు కడుగుతున్నాడు. నిజామాబాదు జిల్లా మనిషి. క్లబ్బు పచ్చిక తడపడం, కక్కసులు కడగడం, వంటింట్లో చేయందించడం అతని పని. వయసులో పెద్దవాడు, లోవరాజుని తమ్మీ అంటాడు. సంగతంతా విని చేతులు దులుపుకున్నాడు.

"గట్లయితే నువ్వీడ ఎందుకున్నవ్ తమ్మీ? టాక్సీ పట్టుకొని ఉరుకు. పెండ్లాం మొకమన్న జూస్తవ్."

"నేనెళ్ళిపోతే ఈయన చేత ఫోనెవరు చేయిస్తారన్నా? నేను పక్కనుండి గుర్తుచేస్తన్నా మరిచిపోతన్నాడు."

"చెయ్యకపాయె అనుకో?"

"చేస్తాడు. హాఫ్ టైమ్‌లో చేస్తానన్నాడు."

పోశన్న "మంచిగనే జేస్తడు లే" అని మళ్ళీ గిన్నెల దగ్గరికి పోయాడు.

లోవరాజు పైలు పొయ్యిలోంచి తీశాడు. పళ్ళేల్లో సర్దాడు. బీరు సీసాలు మంచుపెట్టెలోంచి తీసి హాల్లో పంచాడు. పంచుతూ ప్రతిసారీ టీవీ మూలన నడిచే గడియారం చూశాడు. ఇన్నాళ్ళూ ఆ ఆటలో అతనికి నచ్చింది ఆగకుండా సాగే వేగం. ఈరోజు అన్నీ ఆగేవే కనిపించాయి. ఒకడు మోకాలు పట్టుకుని పడ్డాడు, వైద్యుడు పరిగెత్తాడు, గడియారం ఆగింది. రిఫరీ ఇద్దరిని పిలిచి మందలించాడు, గడియారం ఆగింది. విగన్‌వాడు గీత దాటి బంతి ఆనించాడు, హాలు హోరెత్తింది, మళ్ళీ ఆగింది. పాయింట్లు పెరుగుతున్న కొద్దీ అందరూ లేచి కేకలు వేస్తుంటే, గలాలీలో ఇప్పుడు అన్నం పళ్ళెం చుట్టూ కూర్చుని ఉంటారు, ఇప్పుడు చేతులు కడుక్కుంటూ ఉంటారు అనుకుంటూ నిలబడ్డాడు లోవరాజు.

హాఫ్ టైమ్ అయింది.

బార్లో మాట తప్పలేదు. తనే లేచి, "పద రాజ్" అంటూ బారు కౌంటరు దగ్గరికి వచ్చాడు. కానీ అక్కడి ఫోను ఒక బ్యాంకు దొర చేతిలో ఉంది. ఇంగ్లండుకి చేసి, ఆఫీసులో ఉన్న తమ్ముడికి ఆట ఎలా సాగుతోందో అరిచి చెబుతున్నాడు. బార్లో చేయి ఊపాడు. వాడు రెండు వేళ్ళు చూపించాడు, రెండే నిమిషాలని. వంటింటి ఫోను ఉందని లోవరాజు చెప్పాడు. ఇద్దరూ అటు నడిచారు. దారిలో ఒకరు బార్లోని ఆపి కౌగిలించుకున్నారు. ఇంకొకరు పందెం గురించి అడిగారు. బార్లో ప్రతివాడికీ నవ్వుతూ జవాబు చెప్పాడు. లోవరాజు రెండడుగులు వేసి ఆగడం, ఆగి వెనక్కి చూడడం.

చివరికి నంబరు తనే తిప్పి రిసీవరు దొర చేతికిచ్చాడు. అవతల ఇంటావిడ ఎత్తింది. ఆమెకి ఇంగ్లీషు రాదు, బార్లోకి అరబ్బీలో సలాములు తప్ప రావు. ఆయన కాసేపు అవస్థపడి రిసీవరు లోవరాజుకిచ్చాడు. లోవరాజుకి వచ్చింది బజారు అరబ్బీ. జాసిం ఎక్కడ అని అడిగాడు. ఆమె గబగబా చెప్పింది. సగం అర్థమైంది. జాసిం కారులో పెట్రోలు పోయించడానికి వెళ్ళాడు, వస్తాడు, కొంచెం ఆగి చెయ్యండి.

"లక్ష్మీ? లక్ష్మీ ఉందా?" అన్నాడు లోవరాజు.

ఆమె ఏదో అంది. వెనక పిల్లల అరుపులు వినిపించాయి. ఫోను పెట్టేసింది.

"అయితే ఇంట్లోనే ఉన్నారన్నమాట. బాగుంది" అన్నాడు బార్లో. "పది నిమిషాలాగి మళ్ళీ చేద్దాం. నువ్వు నన్ను పిలువు. తప్పకుండా పిలువు, సరేనా?" పళ్ళెంలోంచి ఒక పై తీసి కొరికి, "అచ్చం మా అమ్మ చేసినట్టే ఉంది" అన్నాడు. నిజంగానే ఆయన కళ్ళు చెమర్చాయి. హాల్లోంచి ఈల వినిపించింది. ఆయన పరిగెత్తాడు.

లోవరాజు కాసేపాగి పిలిచాడు. బార్లో వినలేదు. బ్రిస్బేన్‌వాళ్ళు తరుముకొస్తున్నారు. వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ జనం మధ్య, ఓడిపోవడం ఇష్టం లేని మనుషులు. ఒకదాని మీద ఒకటిగా దాడులు చేస్తున్నారు. విగన్‌వాళ్ళు తమ గీత ముందు గోడలా నిలబడి పట్టేస్తున్నారు. అవతలివాళ్ళు మళ్ళీ లేస్తున్నారు. బార్లో ముఖం తెల్లగా పాలిపోయింది. చేతిలో సీసా ఉన్న సంగతి కూడా ఆయనకి తెలియడం లేదు.

"సార్, ఫోన్" అన్నాడు లోవరాజు.

"ఊ."

"సార్ ..."

"ఒక్క నిమిషం, ఒక్క నిమిషం."

లోవరాజు వంటింట్లోకి వెళ్ళి తనే ఫోను చేశాడు. ఎంగేజు. మళ్ళీ చేశాడు. ఎంగేజు. మూడోసారి మోగింది. జాసిం ఎత్తాడు. ఆయనకి ఇంగ్లీషు వచ్చు.

"నేను లక్ష్మి భర్తని, సార్. మా బార్లో సార్ మాట్లాడతారు. వన్ మినిట్ సార్, ప్లీజ్, లైన్‌లో ఉండండి."

"పిలువు. నేను కారులో సామాను పెట్టేశాను. తొందరగా."

లోవరాజు రిసీవరు పోశన్న చేతిలో పెట్టి, "పెట్టేయనివ్వకు అన్నా" అని హాల్లోకి ఉరికాడు. కుర్చీల మధ్యనుంచి, కాళ్ళు తొక్కుతూ, బార్లో దగ్గరికి చేరాడు. చేయి పట్టుకు లాగాడు. ఎప్పుడూ అలా ముట్టుకున్నవాడు కాదు. బార్లో చేయి విదిలించుకున్నాడు. ఎవరు పట్టుకున్నారో కూడా చూడలేదు. టీవీలో ఎవడో బంతి పట్టుకుని అంచు వెంట పరిగెడుతున్నాడు. హాలంతా లేచి నిలబడింది.

అప్పుడు లోవరాజుకి ఏమైందో, తర్వాత ఎంత ఆలోచించినా అతనికే తెలియలేదు. వెళ్ళి టీవీకి అడ్డంగా నిలబడ్డాడు. రెండు చేతులూ చాచి, "సార్! ఫోన్!" అని గొంతు చించుకుని అరిచాడు.

ఆ అరుపు ఎవరికీ వినబడలేదు. వెనక తెర మీద ఏం జరిగిందో అతనికి కనబడలేదు గాని, ఎదుట ఉన్న పాతికమంది నోళ్ళూ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఆ హోరుకి కిటికీకి కట్టిన దుప్పటి ఒకటి ఊడి పడింది, ఎండ కత్తిలా లోపలికొచ్చింది. ఎవరో భారీ మనిషి లోవరాజుని నడుము పట్టి పైకెత్తాడు. ఇంకొకడు తల మీద బీరు కుమ్మరించాడు. చేతులు చాచి అరుస్తున్న నల్లటి కుర్రవాడు తమతోపాటు గంతులేస్తున్నాడనే అనుకున్నారు వాళ్ళు. "విగన్! విగన్!" అంటూ ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి అతన్ని అందించుకున్నారు. బార్లో స్వయంగా రెండు చెంపలూ పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు.

"సార్ ఫోన్ సార్, ఫోన్ సార్" అంటూనే ఉన్నాడు లోవరాజు. ఏడుస్తున్నాడు కూడా. బీరులో ఏడుపు కనబడలేదు. వాళ్ళ కళ్ళల్లోనూ నీళ్ళే మరి.

విడిపించుకుని వంటింట్లోకి వచ్చేసరికి పోశన్న రిసీవరు చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. అవతల కుయ్ మంటున్న చప్పుడు.

"నేను ఆగు సేఠ్, ఆగు సేఠ్ అన్న తమ్మీ. నాకచ్చిన హిందీల శానసేపు జెప్పిన. ఖలాస్ అని పెట్టేసిండు."

లోవరాజు మళ్ళీ తిప్పాడు. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

ఆట ముగిసింది. విగన్ గెలిచింది. పాటలు మొదలయ్యాయి. ఆ పాటల మధ్యలో బార్లోకి గుర్తొచ్చింది. మరో పై కోసం వంటింటి తలుపు తోసి, గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్న లోవరాజుని చూసి, అలాగే నిలబడిపోయాడు. ముఖంలోని ఎరుపంతా దిగిపోయింది.

"అయ్యో రాజ్" అన్నాడు. "లే. లే, కారెక్కు. విమానం ఇంకా ఎగిరి ఉండదు."

ఎండ తారు రోడ్డు మీద నీళ్ళలా తళతళలాడుతోంది. సీఫ్ వైపు సముద్రాన్ని పూడ్చే మట్టి లారీలు రోడ్డంతా ఆక్రమించి పాకుతున్నాయి. బార్లో హారను మీద చేయి తీయలేదు. మనామా దాటేదాకా తనలో తను తిట్టుకుంటూనే ఉన్నాడు. విమానాశ్రయం ఉన్న దీవికి పోయే వంతెన మీదికి వచ్చాక మాత్రం ధైర్యం చెప్పడం మొదలుపెట్టాడు. కఫీల్‌తో మాట్లాడతాను, నా మాట వింటారు, టిక్కెట్టు డబ్బు నేనిచ్చేస్తాను, అమ్మాయిని ఇటునుంచి ఇటే ఇంటికి తీసుకుపోదాం. లోవరాజు ఆ మాటలు నమ్మాడు. నమ్మడం తప్ప ఆ కారులో అతను చేయగలిగింది లేదు. కారు వేరేవాళ్ళది, దారి వేరేవాళ్ళది. తడిసిన చొక్కా ఏసీకి మంచులా వీపుకి అంటుకుంది.

విమానాశ్రయం ముందు జాసిం ఎదురొచ్చాడు. కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ బయటికి వస్తున్నాడు. కాళ్ళదాకా తెల్లటి తోబ్ అంగీ, చక్కగా కత్తిరించిన గడ్డం. బార్లో పరిగెత్తి ఆయన చేయి పట్టుకుని తనెవరో చెప్పాడు.

"మీరేనా?" అన్నాడు జాసిం. బార్లో చొక్కానీ, ఆ చొక్కా మీది బీరు మరకల్నీ చూశాడు. "నేను ఇంట్లో మీకోసం ఎదురుచూశాను. భోజనాలయ్యాక కూడా చూశాను. ఫోను ఎత్తి మీ పనివాడితో కూడా మాట్లాడాను."

"తప్పు నాదే. ఇప్పుడు ఆమెని వెనక్కి పిలవొచ్చా?"

"వీసా రద్దు చేయించేశాను. పాస్‌పోర్టు మీద ముద్ర పడిపోయింది. లోపలికెళ్ళింది." జాసిం లోవరాజు వైపు తిరిగాడు. ఆయన కళ్ళలో కోపం లేదు. "మా అమ్మని బాగా చూసుకుంది నీ భార్య. ఒక్క మాట చాలు అన్నాను కదా."

అయినా ఆయన వాళ్ళతో వెనక్కి నడిచాడు. లోపల ముద్రలు వేసే ఆఫీసరుతో అరబ్బీలో మాట్లాడాడు. బార్లో ఇంగ్లీషులో మాట్లాడాడు. ఆఫీసరు మర్యాదగానే ఇద్దరి మాటా విని, మర్యాదగానే తల అడ్డంగా ఊపాడు. వెళ్ళిపోయినట్టు రాసిన మనిషి మళ్ళీ లోపలికి రావాలంటే కొత్త వీసా కావాలి. అది ఇక్కడ ఇచ్చేది కాదు.

వాళ్ళు మాట్లాడుకుంటుండగా లోవరాజు అద్దం గోడ దగ్గరికి వెళ్ళాడు. అవతల జనం వరసగా నిలబడి ఉన్నారు. దుప్పట్ల మూటలు, టేప్‌రికార్డర్ల అట్టపెట్టెలు, తలకి కొంగు కప్పుకున్న ఆడవాళ్ళు. వాళ్ళలో నీలంచీర వీరలక్ష్మిది. వెనకనుంచే గుర్తుపట్టాడు. వేలితో అద్దం మీద కొట్టాడు. పోలీసు ఒకడు చూసి వద్దన్నట్టు చేయి ఊపాడు గాని ఆపలేదు. మళ్ళీ కొట్టాడు.

ఆమె తిరిగింది.

ముందు లోవరాజుని చూసింది. తర్వాత అతని వెనక ఆఫీసరు దగ్గర నిలబడ్డ బార్లోనీ, జాసింనీ చూసింది. దొర వచ్చాడు, బాబా పక్కనే ఉన్నాడు, ఇద్దరూ ఆఫీసరుతో మాట్లాడుతున్నారు. ఆమె ముఖం విప్పారింది. అంత నవ్వు ఆమె ముఖంలో గది చూసి వచ్చిన రోజున కూడా చూడలేదు లోవరాజు. గబగబా వంగి సంచీ తీసుకుంది. ముందున్న ఆవిడకి ఏదో చెప్పి వరసలోంచి బయటికి వచ్చేసింది. తలుపు ఎటువైపు అన్నట్టు చేత్తో అడుగుతూ అద్దం వైపు నడిచి వస్తోంది.

లోవరాజు చేయి ఎత్తాడు. వద్దని చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియలేదు. అరచేయి అడ్డంగా ఆడించాడు. ఆమె దాన్ని పిలుపనుకుని ఇంకా తొందరగా వచ్చింది. అద్దానికి అవతల అతని ఎదురుగా నిలబడి, "ఎటు రావాలి?" అంటోంది. మాట వినబడలేదు, పెదవులు కనబడ్డాయి.

అతను తల అడ్డంగా ఊపాడు. లేదని.

ఆమెకి అర్థం కాలేదు. నవ్వు ఇంకా అలాగే ఉంది. మళ్ళీ ఊపాడు. అటు వరస వైపు వేలు చూపించాడు. వెళ్ళు. తన పెళ్ళాన్ని తనే వేలు పెట్టి చూపించి పొమ్మన్నాడు. అప్పుడు ఆమె నవ్వు కొంచెం కొంచెంగా ఆగిపోయింది. అతని తడిసిన జుట్టూ, చొక్కా చూసింది. ఏమైందని కళ్ళతో అడిగింది.

లోపలి ఉద్యోగి ఎవరో వచ్చి ఆమెని భుజం దగ్గర తాకి వరస చూపించాడు. ఆమె వెళ్ళింది. ఒకసారి తిరిగి చూసింది. అప్పటికి మనుషులు అడ్డం వచ్చారు.

ఆ సాయంత్రం క్లబ్బులో పెద్ద విందు జరిగింది. బార్లో లోవరాజుని ఇంటికి పొమ్మన్నాడు. లోవరాజుకి ఇల్లంటే క్లబ్బు వెనకున్న రేకుల గదే. పాటలు అక్కడికీ వినబడతాయి. దానికంటే పని నయమని వచ్చి వడ్డించాడు.

కొత్త వీసా పంపిస్తానని బార్లో చాలాసార్లు అన్నాడు. అన్నది చేయాలనే ఉద్దేశంతోనే అన్నాడు. దొరసాని ఇంగ్లండునుంచి ఆలస్యంగా తిరిగొచ్చింది. ఈలోపు పొరుగువాళ్ళు పంపిన ఫిలిప్పీన్స్ అమ్మాయి ఇంట్లో కుదురుకుంది. వెనక గది ఆ అమ్మాయికిచ్చారు. తర్వాత బార్లోకి మస్కట్ బదిలీ అయింది.

వీరలక్ష్మి తునిలో కొన్నాళ్ళు ఊరికే ఉండి, కాకినాడ దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో చేరింది. రొయ్యల తలలు తీసే పని. మంచులో చేతులు మొద్దుబారతాయని బూత్‌నుంచి ఫోను చేసినప్పుడు చెప్పింది. ఆ రోజు సంగతి అతను మొత్తం చెప్పాడు, టీవీకి అడ్డం నిలబడ్డం కూడా చెప్పాడు. ఆమె బూతువాడి మీటరు చూసి, "ఒంట్లో బాగుంటందా?" అని అడిగి పెట్టేసింది.

మస్కట్ వెళ్ళే ముందు రోజు బార్లో వంటింట్లోకి వచ్చాడు. తలుపు దగ్గర నిలబడి మాటలు వెతుక్కున్నాడు. ఆ రోజు గురించి ప్రతి వారం ఒకసారైనా తలుచుకుంటానన్నాడు. క్షమించగలవా అని అడిగాడు. పెద్దమనిషి, కళ్ళు ఎర్రబడ్డాయి.

"పర్వాలేదు సార్" అన్నాడు లోవరాజు.

ఆయన చేయి గట్టిగా పట్టుకుని ఊపి వెళ్ళిపోయాడు. తేలికపడ్డట్టు కనిపించాడు.

లోవరాజు తొట్టి ముందు నిలబడి ఉండిపోయాడు. కుళాయి కారుతోంది. కాసేపటికి, గ్లాసులు తుడుస్తున్న పోశన్నని అడిగాడు.

"పర్వాలేదని ఎందుకన్నానన్నా నేను?"

పోశన్న గ్లాసుని వెలుగుకి పట్టుకుని చూశాడు.

"ఇంకేమంటవు తమ్మీ?" అన్నాడు.